అత్తగారి ప్రయాణం, కోడలి ఫ్లాసర్

పొద్దుటి ఎండ స్నానాలగది కిటికీలోంచి పాలపొరలా దిగుతోంది. అత్తగారి ప్రయాణం మధ్యాహ్నం రైలుకి. "ఇంకో నాలుగు రోజులుండండి" అని కోడలు అంటుందేమోనని ఆమె ఎదురుచూస్తూనే ఉంది. కోడలు అనలేదు. పోయేముందు ఒక్క మంచిమాటైనా అనిపించుకోవాలని, పళ్ళ సందుల్లోకి నీళ్ళు చిమ్మి కడిగే కోడలి ఎలక్ట్రిక్ ఫ్లాసర్‌ను చేతిలోకి తీసుకుంది. దాని నీళ్ళడబ్బా అడుగున తెల్లటి సున్నపు పొర పేరుకుని ఉంది.

కళ్ళజోడు సవరించుకుని, దానితో వచ్చిన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివింది. గోరువెచ్చని నీళ్ళలో వెనిగర్ కలిపి డబ్బా నింపింది. సగం సింకులోకి చిమ్మించాలి, మిగతా సగం నాననివ్వాలి. సన్నని ధార ఎండలో వంపు తిరిగి మెరుస్తుంటే, ఎక్కడున్నదీ మరిచి కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత దాన్ని యథాస్థానంలో పెట్టి, చీరలు సర్దుకోవడానికి వెళ్ళింది.

అంతలో కొడుకు స్నానాలగదిలోకి వచ్చి ఫ్లాసర్ అందుకున్నాడు. డబ్బా వెచ్చగా తగిలింది. అమ్మ తనకోసం నీళ్ళు కాచి పోసిందని మురిసిపోయి, నోట్లో పెట్టుకుని మీట నొక్కాడు.

"అమ్మోయ్! నా పళ్ళు పోయాయి! నోరంతా పులుపు!"

ఫ్లాసర్ ఆపకుండానే తల్లి గదిలోకి పరిగెత్తాడు. వెనకే కోడలు. "ముందు అది ఆపండి! మీట నొక్కండి!"

అతను నొక్కింది వేగం పెంచే మీట. ధార పైకప్పును తాకి, కర్టెన్‌ను తడిపి, తెరిచి ఉన్న పెట్టెలోని ఇస్త్రీ చీరలన్నిటి మీదా తీరుబడిగా తిరిగింది. చివరికి ఫ్లాసర్ చేజారి నేలమీద పడి మూగబోయింది. పైకప్పు నుంచి పుల్లని తుంపర్లు, కలలో వానలా, ఒక్కొక్కటే రాలాయి.

"నావల్లే అమ్మాయ్," అత్తగారు తడిసిన చీరొకటి పైకెత్తింది. "వెళ్ళిపోయేముందు ఇదా నేను చేసింది!"

కోడలు చీర పిండుతూ అంది. "ఎక్కడికెళ్తారు అత్తయ్యా, ఇవి ఆరొద్దూ? అసలు ఉండమని అడగాలనే నాకూ ఉంది. మా దగ్గర విసుగొచ్చి బయల్దేరుతున్నారేమోనని నోరు మెదపలేదు."

"విసుగా! నువ్వు ఆపుతావనేగా రోజూ నీ కళ్ళెదుటే పెట్టె సర్దుతున్నాను!"

కొడుకు మూతి తుడుచుకున్నాడు. "రోజూ సర్దడం, రోజూ విప్పడం. అది చూసే నేను టికెట్ తీయలేదు."

అత్తాకోడళ్ళు ఇద్దరూ అతనికేసి తిరిగారు.

ఆ రోజు ఆ ఇంట్లోంచి ప్రయాణం కట్టింది ఫ్లాసర్ ఒక్కటే, అదీ రిపేరు షాపుకి.