రక్తం లేదు, మంట ఎక్కువ

గురువారం పొద్దున దర్జీ ఆవిడ రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, ఎదురు వీధి టీచరుగారి కోటు ఇచ్చి రావడం. రెండోది, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పిల్లల సినిమాకి వెళ్ళడం.

దానికి కారణం ఆమె పదమూడేళ్ళ కూతురు. శనివారం ఇద్దరు స్నేహితురాళ్ళతో డ్రాగన్ల బొమ్మల సినిమాకి వెళ్తానని వారం నుంచీ ప్రాణం తీస్తోంది. పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి. "పోనీ నేనూ వస్తాలేవే," అంటే, "ఎవరైనా రండి, నువ్వు మాత్రం రావొద్దమ్మా," అంది. మొన్నమొన్నటి దాకా తల్లి వేలు పట్టుకోనిదే వీధి దాటని పిల్ల! అంటే తల్లి కంట పడకూడనిది ఆ సినిమాలో ఏదో ఉందన్నమాట. సాయంత్రం నువ్వు బడి నుంచి రాగానే ఏ సంగతీ చెప్తానని కూతురికి మాటిచ్చి, ఉదయం ఆటకి వెళ్ళి కూర్చుంది.

ఆమెకి ఏదైనా చీటీ మీద రాసుకుంటేనే గుర్తుంటుంది. అది కూడా కొలతలు రాసినట్టే, పొడిపొడిగా. అలాగే హాలు చీకట్లో రాసింది. రెండున్నరకి ఇంటికొచ్చి, చీటీని కుట్టుమిషను మీద కత్తెర కింద పెట్టి, కోటు అందుకుంది.

"కళ్ళేమిటే అలా ఉబ్బాయి?" అంది అత్తగారు.

"నలక పడింది అత్తయ్యా," అంటూ ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది.

రెండు కళ్ళలోనూ ఒకేసారి నలక పడడం అత్తగారి డెబ్భై ఏళ్ళ అనుభవంలో లేదు. కళ్ళజోడు పెట్టుకుని కత్తెర ఎత్తింది.

"మంట ఎక్కువ. రక్తం లేదు. 42 – అమ్మ పోతుంది. నొప్పి చూపించలేదు. నాన్నకి మళ్ళీ పెళ్ళి. పర్లేదు, ఆవిడ మంచిదే. చివర ప్రశాంతం. పిల్లకి ముందే చెప్పకూడదు. శనివారం ఖాయం."

ఆవిడ కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ పెళ్ళానికి ఎన్నేళ్ళురా?"

"నలభై రెండు. ఏమ్మా?"

అవతల నుంచి ఏడుపు మొదలైంది. అతను లిఫ్టుల మెకానిక్. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టు దగ్గర ఉన్నవాడు, చేతిలో పానాతోనే ఇంటికి పరుగెత్తాడు. చీటీ మూడుసార్లు చదివాడు.

"డాక్టరు రాసింది కాదమ్మా. దాని చేతిరాతే."

"డాక్టరు రాస్తే నేను చదవగలిగేదాన్నా? రక్తం లేదటరా! ఆ మిషను ముందు కూర్చుని కూర్చుని ఒంట్లో చుక్క మిగల్లేదు. ఎల్లుండే శనివారం!"

అతని చూపు మాత్రం మధ్య వాక్యం దగ్గర ఆగిపోయింది. "నాకు మళ్ళీ పెళ్ళట."

"ఎవర్రా అది?"

"నాకేం తెలుసమ్మా! మంచిదే అని రాసిందిగా."

"పోతూ పోతూ కూడా నీ బాగోగులే చూసుకుంది," అని ఆవిడ కోడలిని మొదటిసారి మనసారా మెచ్చుకుంది. అది వినడానికి కోడలు ఇంట్లో లేదు.

కోటు చేతులు అక్కడే సరిచేసి ఇచ్చి ఆమె తిరిగొచ్చేసరికి మిషను మీద దుప్పటి కప్పి ఉంది. మంచం కిటికీ పక్కకి జరిగింది. భర్త పెద్ద గ్లాసుతో బీట్‌రూట్ రసం పట్టుకుని నిలబడ్డాడు. పనివేళ మొగుడు ఇంట్లో ఉన్నాడంటే ఆమెకి ఒక్కటే తోచింది. దొరికిపోయాను.

"మీకు తెలిసిపోయిందా?"

"తెలిసింది," అన్నాడు భర్త.

"మీరు నవ్వుతారని చెప్పలేదండీ."

"నవ్వుతామా! ఒక్కదానివే వెళ్ళావా?"

"ఒక్కదాన్నే. రెండు గంటలు కూర్చోబెట్టారు. చీకటి, ఒకటే చలి. మధ్యలో కాసేపు బయటికి వదిలారు. చివర్లో ఏడుపాగలేదు. పక్కనాయన రుమాలిచ్చాడు."

"మంచి డాక్టరు," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"డాక్టరెవరు?"

"అవన్నీ వదిలెయ్," అన్నాడు భర్త. "ఆ పెళ్ళి మాట మాత్రం కొట్టెయ్. ఆవిడ ఎంత మంచిదైనా సరే, నేను చేసుకోను."

"ఏ ఆవిడండీ?" ఈసారి ఆమె గొంతు మారింది.

అప్పుడే బడి సంచీతో కూతురు లోపలికొచ్చి, మంచాన్నీ ముగ్గురి ముఖాల్నీ చూసింది. తండ్రి చీటీ దాచబోయాడు. పిల్ల చటుక్కున లాక్కుని చదివింది.

"అమ్మా! చూసేశావా? ఒక్కదానివే వెళ్ళి చూసేశావా?"

"నీకెలా తెలుసే?"

"నలభై రెండో నిమిషంలో అమ్మ డ్రాగన్ పోతుందని మా క్లాసంతా చెప్పారు. అందుకే నిన్ను రావొద్దన్నా. అమ్మమ్మ పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు కదా. నువ్వు తట్టుకోలేవని..."

పిల్ల ఆ సినిమా చూడొచ్చా అని తల్లి రెండు గంటలు కూర్చుని తూచింది. తల్లి చూడొచ్చా అని పిల్ల వారం కిందటే తూచి, వద్దని తేల్చేసింది.

"అంటే ఎల్లుండి పోయేది..." అంది అత్తగారు.

"డ్రాగన్ నానమ్మా. నిప్పులు కక్కుతుంది."

"రెక్కలున్న బల్లి కోసమా నేను గంటన్నర ఏడ్చింది!"

"మళ్ళీ పెళ్ళి చేసుకునేది?" అన్నాడు తండ్రి.

"అదీ బల్లేనండీ," అంది భార్య.

అతను బీట్‌రూట్ రసం తనే గటగటా తాగేశాడు. గ్లాసు దించుతూ కెవ్వున అరిచాడు. "చచ్చాం! లిఫ్టులో మనిషున్నాడు!" పానా అందుకుని మెట్ల మీద దడదడా దిగిపోయాడు.

తల్లి మిషను మీది దుప్పటి తీసి, మిగిలిన తెల్లగుడ్డ కత్తిరించి, నాలుగంచులూ మడిచి కుట్టి పిల్ల చేతిలో పెట్టింది. "శనివారం వెళ్ళిరా."

"నేనేం ఏడవనమ్మా."

"తెలుసులే. నీ పక్కన ఎవరైనా ఒంటరిగా వచ్చి ఏడుస్తుంటే ఇద్దువుగాని."

శనివారం ముగ్గురు పిల్లలూ పకపకా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. అంత ఏడిపించిన బల్లిని కళ్ళారా చూడాల్సిందేనని నానమ్మ పట్టుబడితే, ఆదివారం కూతురు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు వెళ్ళింది. నలభయ్యో నిమిషానికే తనే తల్లి చెయ్యి పట్టుకుంది. నలభై రెండుకి రుమాలు మాత్రం తండ్రి అడిగి తీసుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు.

పదమూడేళ్ళ లోపు పిల్లలు పెద్దల తోడుతోనే రావాలని హాలు బయట బోర్డు పెట్టారు. పెద్దలు ఎవరి తోడుతో రావాలో మాత్రం రాయలేదు.