అత్తగారు కడిగిన కెమెరా

ఆ శనివారం పొద్దున్న వంతెనల పరిశీలకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, భార్యను వెంటబెట్టుకుని ఊరి చివర కాలువ వంతెన దాకా వెళ్లాలి. ఆఫీసువాళ్లు ఇచ్చిన రెండు కెమెరాలతో ఒకే పగులును ఫొటో తీయాలి. ఏది బాగుందో సాయంత్రానికల్లా పెద్దసారుకు చెప్పాలి. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయడం కూడా పథకంలో ఉంది. కునుకు తప్ప మిగతాదంతా ఆఫీసు పనే.

పని చిన్నదే గాని దాని మీదే అతని బతుకు వేలాడుతోంది. ఇన్నేళ్లూ రికార్డు గదిలో ఫైళ్లకు దారాలు కట్టి, దుమ్ముకు తుమ్మి తుమ్మి, వాళ్లనూ వీళ్లనూ బతిమాలి ఈమధ్యే బయటి పనిలో పడ్డాడు. వంతెనల కింద దూరి పగుళ్లు వెతకడం అందరికీ నచ్చే పని కాదు. ఇతనికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. గాలి, వెలుతురు, అన్నిటికంటే ముఖ్యంగా పెద్దసారు కనుచూపు మేరలో లేకపోవడం.

ఆ పెద్దసారే నిన్న సాయంత్రం రెండు కెమెరాలు బల్ల మీద పెట్టి మరీ చెప్పాడు.

"చూడవయ్యా, ఇవి షాపాయన నమ్మకం మీద ఇచ్చినవి. ఒకటి నీళ్లలో పడ్డా, కింద పడ్డా చెక్కుచెదరదని చెప్పాడు. ఇదిగో, ఈ నారింజ రంగుది. దాన్ని కాలువలో ముంచి మరీ చూడు. ఈ నల్లది దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది గాని, సుకుమారం. పసిపిల్లలా చూసుకో. దానికేమైనా అయిందో, సోమవారం నుంచి మళ్లీ నీకు రికార్డు గదే!"

నల్లదాన్ని చేతిలోకి తీసుకోగానే పరిశీలకుడి మనసు దాని మీద పడింది. గట్టున నిలబడి వంతెన అడుగున ఉన్న పగులును చూడొచ్చు. బురదలోకి దిగే పని ఉండదు. భార్య మనసు కూడా దాని మీదే పడింది.

"దీంతో పిట్టల్ని తీస్తే ఎంత బాగుంటుందో!"

"ఇది ఆఫీసు కెమెరా. పిట్టల కోసం కాదు."

"పిట్ట వచ్చి వంతెన మీద వాలితే అది ఆఫీసు పనే కదండీ?"

అతను రెండు కెమెరాలూ సంచిలో వేసుకుని బయల్దేరాడు. వంతెన దగ్గర తీసిన ఫొటోల్లో పిట్టలే ఎక్కువ పడ్డాయి, పగులు తక్కువ పడింది. తర్వాత పెద్దసారు మాట ప్రకారం నారింజ కెమెరాను కాలువలో ముంచి, నీళ్ల అడుగున స్తంభాన్ని ఒక ఫొటో తీశాడు. పచ్చగా ఏదో కనిపించింది. ఆ వెంటనే తెర ఆరిపోయింది.

"ఏమైందండీ?"

"బ్యాటరీ అయిపోయుంటుంది. దీనికి ఏమీ కాదులే, మొండిది," అని దాన్ని ఒక్కసారి విదిలించి సంచిలో పడేశాడు. నల్లదాన్ని మాత్రం మెడలో వేసుకుని రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. అలా పట్టుకుని నడిచేసరికి కాలు జారి, బురద ఎగిరి దాని మీద పడింది.

ఇంటికి రాగానే రెండింటినీ వాకిట్లో బల్ల మీద పెట్టి, మెత్తని గుడ్డ కోసం లోపలికి వెళ్లాడు. అక్కడే కొంప మునిగింది. ఆ ఇంట్లో బయటి నుంచి వచ్చినది ఏదైనా సరే, అత్తగారి చేతిలో స్నానం చేయకుండా గడప దాటదు. తాళంచెవులు, గొడుగు, కూరగాయల సంచి, చివరికి చిల్లర డబ్బులు కూడా బకెట్లో మునిగి తేలి లోపలికి రావాల్సిందే. అల్లుడు కొత్తగా ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు అతని చేతిగడియారానికీ ఆ మర్యాద జరిగింది.

మెత్తని గుడ్డ పట్టుకుని బయటికి వచ్చేసరికి అత్తగారు పంపు దగ్గర పీట వేసుకుని కూర్చుని, నల్ల కెమెరాను పాత పళ్ల బ్రష్‌తో శుభ్రంగా తోముతోంది. చుట్టూ సబ్బు నురగ.

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యగారూ! అది... అది నల్లదండీ!"

"తెలుసు నాయనా. అందుకే కడుగుతున్నా. నల్లది కదా, గట్టిగా ఉంటుంది. ఆ రంగుది బొమ్మలా ఉంది, రంగు దిగిపోతుందేమోనని పొడిగుడ్డతో తుడిచి పెట్టా. అన్నట్టు అల్లుడుగారూ, ఆ రంగుదాంట్లో..."

"దాని సంగతి వదిలేయండి అత్తయ్యగారూ, దానికేం కాదు!"

అత్తగారి మీద అరవలేడు. అరవకపోతే గుండె ఆగేలా ఉంది. భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడికి తెలియని విషయం లోకంలో లేదు. తెలిసినదాంట్లో సగం సరైనది కాకపోవడం వేరే సంగతి.

"బావా, ముందు నా మాట విను. పొరపాటున కూడా ఆన్ చేయొద్దు! చేశావో, లోపల మొత్తం కాలిపోతుంది. బియ్యంలో పాతిపెట్టు. తడి పీల్చేస్తుంది."

నెలకు సరిపడా తెచ్చుకున్న బియ్యం డబ్బాలో నల్ల కెమెరాను పాతిపెట్టి, పరిశీలకుడు దాని ఎదుట మఠం వేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్దసారు. అతను రెండు చేతులూ జోడించి, తాను ఇంట్లో లేనని చెప్పమని భార్యకు సైగ చేశాడు. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు. నిజాన్ని ముక్కలు చేసి చెప్పడం మాత్రం బాగా వచ్చు.

"ఆయన కెమెరా పని మీదే ఉన్నారండీ... ఏ పనా? నల్లదాన్ని నీళ్లతో, సబ్బుతో కడగడం అయిందండీ... ఇప్పుడా? ఇప్పుడు బియ్యంలో పాతిపెట్టి కూర్చున్నారు."

పరిశీలకుడు తల పట్టుకున్నాడు. ఫోన్‌లోంచి పెద్దసారు గొంతు గదంతా వినిపించింది.

"బియ్యంలోనా? అంటే దుమ్ము పరీక్ష! నీళ్ల పరీక్ష కూడా అయిపోయిందా? శభాష్! నేనంత భయపెట్టినా, సుకుమారం అన్నదాని సంగతే ముందు తేల్చుకుంటున్నాడన్నమాట. ఇంత శ్రద్ధ ఉన్నవాణ్ణి ఇన్నేళ్లూ రికార్డు గదిలో పెట్టామే! తర్వాతేమిటమ్మా?"

"తర్వాత ఎండలో పెడదామని మా అమ్మ అంటోందండీ."

"వేడి పరీక్ష! ఉండండి, షాపాయన్ని కూడా వెంటబెట్టుకుని ఇప్పుడే వస్తున్నా. ఆయన కూడా కళ్లారా చూడాలి."

ఆవిడ ఫోన్ పెట్టేసి భర్త వైపు తిరిగింది.

"నేనేం అబద్ధం చెప్పలేదండీ," అంది భార్య.

"అదే కదా నా కొంప ముంచింది!"

ఇక ఆగే సమయం లేదు. బియ్యంలోంచి కెమెరాను తవ్వి తీస్తే సందుసందులోనూ గింజలు ఇరుక్కున్నాయి. భార్య జడపిన్నుతో వాటిని ఒక్కొక్కటే లాగుతుంటే, అత్తగారు మళ్లీ గుమ్మంలోకి వచ్చింది.

"అల్లుడుగారూ, ఒక్కమాట. ఆ రంగుది ఊపితే..."

"అత్తయ్యగారూ, మీకు దండం పెడతా. దాన్ని ఊపండి, దంచండి, దాంతో మేకులు కొట్టుకోండి. అది మొండిది. నా ప్రాణం ఈ నల్లదాంట్లో ఉంది!"

ఆవిడ చిన్నబుచ్చుకుని, నల్లదాన్ని అందుకుని మేడ మీదికి వెళ్లింది. అల్లుడికి సాయం చేయాలనే ఆవిడ తాపత్రయమంతా. ఎండ బాగా తగిలేచోటు చూసి, పిట్టగోడ పక్కన దండెం మీద, ఉతికిన దుప్పటి పక్కనే కెమెరాను పట్టీతో వేలాడదీసి, జారకుండా రెండు క్లిప్పులు కూడా పెట్టి వచ్చింది.

వీధిలో కారు చప్పుడు అయింది. పరిశీలకుడు ఒక్క ఉదుటున మేడ ఎక్కాడు. దుప్పటి అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు లాగాడు. దుప్పటితో దండెం వచ్చింది, దండెంతో క్లిప్పులు ఎగిరాయి, కెమెరా ఒకసారి ఊగి, పిట్టగోడ మీదుగా కిందికి వెళ్లిపోయింది. కింద టప్పుమని చప్పుడు. ఆ తర్వాత పెద్దసారు గొంతు.

"ఇది పడేసే పరీక్షా? మేడ మీద నుంచే!"

పరిశీలకుడు మెట్లు దిగాడు. కళ్ల ముందు రికార్డు గది కనిపించింది. ఆ కిర్రుమనే కుర్చీ, ఆ దారాలు, ఆ దుమ్ము. తుమ్ము కూడా వచ్చింది. కింద షాపాయన మోకాళ్ల మీద కూర్చుని, నల్ల కెమెరాను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. పరిశీలకుడు ఇక దాచలేకపోయాడు.

"సార్, పరీక్షా లేదు, పాడూ లేదు. బురద పడితే బల్ల మీద వదిలేశాను. మా అత్తయ్యగారు పాపం మంచికే కడిగారు. ఆవిణ్ణి ఏమీ అనకండి, తప్పంతా నాది. బియ్యంలో పెట్టిందీ, ఎండలో పెట్టిందీ ఆరడానికే. కింద పడింది నా చేతగానితనం వల్లే. సోమవారం రికార్డు గదిలోనే కూర్చుంటాను."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారి కళ్లు చెమర్చాయి. పెద్దసారు నోరు తెరిచేలోపే క్లిక్‌మని చప్పుడైంది. షాపాయన చేతులు జోడించుకున్న పరిశీలకుణ్ణి ఫొటో తీసి, తెర అందరికీ చూపించాడు. కనుబొమల్లో ఇరుక్కున్న బియ్యపు గింజతో సహా స్పష్టంగా పడ్డాడు.

"దీనికేమవుతుందండీ? నీళ్లకూ దెబ్బలకూ ఆగే కెమెరా ఇదేగా!" అన్నాడు షాపాయన. "అయినా సబ్బు, బ్రష్, బియ్యం, మేడ... తయారు చేసినవాళ్లు కూడా దీన్నింత హింస పెట్టి ఉండరు."

"ఇదా? మరి నారింజది?" అన్నాడు పెద్దసారు.

"అయ్యో, దాని మీద చుక్క నీరు పడకూడదండీ! అది ఇంట్లో పుట్టినరోజు ఫొటోలకు పనికొచ్చేది."

అప్పుడు అత్తగారు మెల్లిగా ముందుకు వచ్చి, పళ్లెంలో పెట్టుకొచ్చిన నారింజ కెమెరాను అల్లుడికి అందించింది.

"పొద్దుట్నుంచీ చెబుదామంటే మీరు వింటేగా నాయనా? ఊపితే లోపల నీళ్లు గలగలమంటున్నాయి."

కెమెరాను వంచగానే కాలువ నీళ్లు పళ్లెంలోకి ధారగా కారాయి. నీళ్లతోపాటు ఒక నాచు పోగు కూడా.

"దీన్ని నీళ్లలో ముంచింది ఎవరు?" అని షాపాయన లబలబలాడాడు.

పరిశీలకుడు పెద్దసారు వైపు చూశాడు, అంతే. అతని భార్య కూడా చూసింది. అత్తగారు కూడా చూసింది.

"లైఫ్ జాకెట్ రంగులో ఉంటేనూ..." అని పెద్దసారు నసిగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "దీని సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం వంతెనల మీదే ఉండు. నల్లదే ఖాయం. ఇన్ని పరీక్షలు నెగ్గాక ఇంకెవరు కాదంటారు?" అన్నాడు.

పరిశీలకుడికి ఊపిరి అందింది. తిన్నగా వెళ్లి అత్తగారి పాదాలకు దండం పెట్టాడు. ఆవిడ దీవించి, ఆ చేతులు కడుక్కు రమ్మంది. పెద్దసారు ఇదంతా శ్రద్ధగా చూసి, అత్తగారిని ఇంకొంచెం శ్రద్ధగా చూసి, ఏదో ఆలోచిస్తూ కారెక్కాడు.

ఆదివారం ఆఫీసు నుంచి ఒక పెట్టె వచ్చింది. వంతెనల కింద తిరిగేవాళ్ల కోసం కొనబోయే బూట్ల నమూనా అట. పెట్టె మీద పరిశీలకుడి పేరు లేదు, "అత్తగారికి" అని ఉంది. సోమవారం అతను కాలువలోకి చెప్పులతోనే దిగాడు. బూట్లు ఇంకా దండెం మీదే ఉన్నాయి.