రెండో పళ్లెం

తెల్లారేసరికి చచ్చిపోవాల్సిన కణాలు నిక్షేపంగా బతికే ఉన్నాయని చూడగానే డాక్టరమ్మ గుండె జారిపోయింది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మైక్రోస్కోపులోకి చూసింది. బతికే ఉన్నాయి.

రెండు గాజు పళ్లేల్లోనూ నాడీకణాలే. రెండింటికీ విషం పెట్టింది తనే. మొదటిదానికి మాత్రం, ఆరోగ్యమైన కణాలు బయటికి వదిలే అతిచిన్న సంచుల్ని ఏరి మందుచుక్కలుగా వేసింది. అవి అందితే జబ్బు కణం తన లోపలి చెత్తను తానే అరగదీసి, పనికొచ్చేది మళ్లీ వాడుకుని బతుకుతుంది. మందు పడని రెండోది చావాలి. చస్తేనే రుజువు. ఆ రుజువు మధ్యాహ్నం కమిటీకి చూపిస్తేనే రోగుల మీద పరీక్షకి అనుమతి. రోగుల వరసలో మొదటి పేరు, చెయ్యి వణికి చొక్కా బొత్తాలు పెట్టుకోలేని ఆమె అన్నయ్యది.

"రెండోదాన్ని ఎవరు ముట్టుకున్నారు?"

అసిస్టెంటు అన్నాడు, "నిన్న మంత్రిగారు వచ్చారు కదండీ."

"ఈ గదిలోకి రావడం నేను చూడలేదే!"

"మీరు కింద హాల్లో ఆయనకి స్వాగతపత్రం చదువుతున్నారు. ఆయన పైన ఇక్కడున్నారు."

మంత్రిగారి దయ లోకమెరిగినదే. పరీక్ష తప్పిన పిల్లలు నొచ్చుకుంటారని రిజల్టుల్లోంచి 'ఫెయిల్' అన్న మాటే తీయించిన మహానుభావుడు. డాక్టరమ్మ పరిగెత్తుకెళ్లేసరికి ఆయన మనుషులు ఆఫీసు గుమ్మానికి బ్యానరు కడుతున్నారు: 'మా పాలనలో ఒక్క కణమూ చావలేదు!'

"చావాలి సార్!" అంది లోపల కూర్చున్న మంత్రిగారితో. " రెండూ బతికితే మందు పనిచేసినట్టు ఎవరు నమ్ముతారు?"

"అమ్మా, చావు మాట కాస్త మెల్లగా," అన్నాడు పీఏ తలుపు మూస్తూ.

"పోనీ, మీరు పట్టుకెళ్లిన సీసాలో మిగిలిన మందైనా ఇప్పించండి. ఆ సీసా నింపడానికి ఏడాది పట్టింది. మళ్లీ చేసుకుంటాను."

మంత్రిగారు నిట్టూర్చి పేపరు ఆమె ముందుకు జరిపారు. మొదటి పేజీలో ఆయన, ఆయన చేతిలో సీసా, కింద పళ్లెం.

"చూడమ్మా, వేసింది నేనే. ఒకదాని మీద 'మందు', ఇంకోదాని మీద 'మందు లేదు' అని చీటీలు అంటించావు. మందు లేని దాని పక్కన నిలబడి ఫొటో దిగితే రేపు నా గతేంటి? అందుకే దానికీ వేశాను. ఫొటోలో కళ్లు మూశానన్నారు, మళ్లీ వేశాను. బొజ్జ కనబడిందన్నారు, ఇంకోసారి వేద్దామంటే సీసాలో చుక్క లేదు. ఉత్త సీసానే వంచాను. పేపర్లో వచ్చింది ఆ ఫొటోనే. నువ్వే చెప్పు, తేడా తెలుస్తోందా?"