గోడలోని కోడలికి మాట్లాడే అనుమతి

చక్రం కనిపెట్టిన తర్వాత మానవజాతి వేసిన అతి పెద్ద ముందడుగు 'పురాగాథల స్త్రీల సంభాషణల నియంత్రణ శాఖ'. ఈ సంగతి ఆ శాఖవారే తమ గోడ మీద పెద్దక్షరాలతో రాయించుకున్నారు. పాతకథల్లో యుగాల తరబడి నోరు మెదపకుండా నిలబడ్డ ఆడవాళ్లు ఈమధ్య కవిత్వంలోకి వచ్చి ఎడాపెడా మాట్లాడేస్తున్నారు. ఇలా ఎవరికి తోచింది వాళ్లు అంటూ పోతే కథలు ఏం కావాలి? అందుకే ఇప్పుడు కవితలో అలాంటి స్త్రీ నోరు విప్పాలంటే ముందుగా అనుమతి పొందాలి. (మగ పాత్రలకు అక్కర్లేదు. వారు మొదటినుంచీ మాట్లాడుతూనే ఉన్నారు కనుక పాత కనెక్షన్ కింద లెక్క.)

కవయిత్రి తన అత్తగారిని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకు వచ్చింది. ఆమె పుస్తకమంతా అచ్చుకు సిద్ధమై, ఒక్క కవిత దగ్గర ఆగిపోయింది. అందులోది ఒక పాత కథ. కోటగోడ కట్టినప్పుడల్లా కూలిపోతుంటే, మేస్త్రీ తన చిన్నకోడలిని మధ్యలో నిలబెట్టి చుట్టూ గోడ లేపాడు. గోడ నిలిచింది. ఆ పిల్ల నవ్వుతూ ఒప్పుకుందని కథ. కవితలో మాత్రం ఆమె గోడలోంచి ఒకే ఒక్క మాట అంటుంది: "నన్నెవరూ అడగలేదు."

నిజానికి ఆ మాట అత్తగారిది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఈ కథ చెబుతూ, నవ్వే ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కథ ఆపేసింది. "ఏం నవ్వుతుందే తల్లీ, ఆ పిల్లని ఎవరన్నా అడిగారా అసలు?" అంది. ఆ పూట నుంచి కవయిత్రికి అత్తగారంటే ప్రాణం. ఆ మాట తీసేస్తే తనకా పుస్తకమే వద్దనుకుంది.

సూపరింటెండెంటు కవితను వెనక నుంచి ముందుకు తిరగేశాడు.

"మాట్లాడే పాత్ర సంతకం ఏదమ్మా?"

"ఆవిడ గోడలో ఉందండీ."

"పోనీ, మామగారి సంతకం తెండి. గోడ కట్టింది ఆయనే కాబట్టి విషయం ఆయనకే బాగా తెలుస్తుంది."

పక్క కుర్చీలో మేస్త్రీ వంశస్థుల సంఘం అధ్యక్షుడు కూర్చుని ఉన్నాడు. (కుర్చీ ఆయన పేరుతోనే ఉంది.) సూపరింటెండెంటు అటు తిరిగి, "అయ్యా, మీ మనోభావాలు దెబ్బతిన్నాయా?" అని అడిగాడు.

"నేనింకా చదవలేదండీ."

"ఫర్వాలేదు, ముందస్తు దెబ్బ కింద రాస్తాను."

కవయిత్రికి ఒళ్లు మండింది. అది గమనించి సూపరింటెండెంటు మెత్తబడ్డాడు. పాపం, చెడ్డవాడు కాదు.

"ఒక ఉపాయం చెప్పనా అమ్మా? ఏడిపించండి. ఏడుపుకి మా దగ్గర పరిమితి లేదు. క్షమించొచ్చు, వెన్నెలతో మొరపెట్టుకోవచ్చు. కావాలంటే స్వల్పంగా కోపం కూడా ఇస్తాం. అడగలేదు గిడగలేదు అనేది మాత్రం కుదరదు."

అత్తగారు చేతిసంచీ ఒళ్లోంచి దించింది. "ఏం బాబూ, నిన్ను నిలబెట్టి చుట్టూ గోడ కడితే నువ్వు నవ్వుతావా?"

"పైనుంచి ఉత్తర్వొస్తే నవ్వాలి కదండీ, పెద్దమ్మగారూ" అని అతను నిజంగానే నవ్వాడు.

అంతలో అనుమతులిచ్చే కమిటీ సభ్యులు వచ్చి లోపలి గదిలోకి వెళ్లారు. అందరూ మగవాళ్లే. (ఒక మహిళా సభ్యురాలి స్థానం ఉంది. దాని మీద ఫ్యాను పెట్టారు.) అత్తాకోడళ్లు బయట బెంచీ మీద కూర్చున్నారు. పిలిస్తే చెప్పాల్సిన మాటలు కవయిత్రి మనసులో కూడబలుక్కుంది. లోపలికి టీలు వెళ్లాయి. ఖాళీ గ్లాసులు తిరిగొచ్చాయి. లోపల ఎవరో పెద్దగా నవ్వారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమె లేచి నిలబడింది, అత్తగారు కొంగు పట్టి కూర్చోబెట్టింది.

ఆఫీసు మూసే వేళకు సభ్యులంతా వెళ్లిపోయారు. సూపరింటెండెంటు పెళ్లిపెద్దలా ముఖం వెలిగించుకుని వచ్చి ఉత్తర్వు కవయిత్రి చేతిలో పెట్టాడు.

"శుభం, మంజూరైంది! మీ కోడలుపిల్ల ఇక మాట్లాడొచ్చు."

"ఏమని?"

"'ఈ గోడ ఎంత చల్లన' అని. ఆ పాత మాట తీసేశారు. కవిత ఎంత హాయిగా ఉందో చూడండి."

"నన్ను లోపలికి పిలవనే లేదు కదండీ!" అంది కవయిత్రి.

"పిలవడమెందుకమ్మా, మీకు అభ్యంతరం లేదనేగా రాశాం."

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఉత్తర్వు అందుకుని, చివరి వాక్యం పైకి చదివింది: "సదరు మార్పునకు కవయిత్రి చిరునవ్వుతో సమ్మతించిరి."

ఆ ఆఫీసు గోడలు చాలా గట్టివి. ఇంతవరకు ఒక్కటీ కూలలేదు.