గుంజీలు, గోడకుర్చీ, కొర్రల ఉప్మా

అది పదకొండో గుంజీ. లేదా పన్నెండోది కూడా కావచ్చు. ఎందుకంటే పదకొండు దగ్గర అతను పూరీ గురించి ఆలోచించాడు, పూరీ గురించి ఆలోచిస్తున్న మనిషి అంకెలను గౌరవించడు. దుర్గాప్రసాద్ రెండు చెవులూ పట్టుకుని కిందికి దిగి, మోకాళ్లు కిర్రుమంటుండగా పైకి లేచాడు. చెవులు పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. చేతులు తల వెనక పెట్టుకుంటే చాలని కంపెనీ నర్సు ఇచ్చిన కాగితంలో ఉంది. కానీ నలభై మూడేళ్ల ఈ శరీరానికి గుంజీ అంటే ఒకటే అర్థం తెలుసు. అది నాలుగో తరగతిలో నేర్చుకున్నది. మనసు ఎప్పుడో మరిచిపోయిన సిగ్గును మోకాళ్లు దాచిపెట్టుకుంటాయేమోనని అతనికి అనుమానం వచ్చింది.

"పదకొండు," అంది రవళి. ఆమె కుర్చీలో కూర్చుని, ఒళ్లోని పుస్తకంలోంచి తల ఎత్తకుండానే లెక్కపెడుతోంది.

"పన్నెండు గద."

"పూరా కిందికి దిగలే. అది లెక్కల రాదు."

దుర్గాప్రసాద్ ఇస్నాపూర్‌లో మోటారు పంపుల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో స్టోర్ ఇన్‌చార్జి. భార్య రవళితో చిట్కుల్‌లో మొదటి అంతస్తులో కిరాయికి ఉంటున్నాడు. మూడు నెలల కింద కంపెనీ డాక్టరు అతని నడుము కొలిచి, ఏమీ అనకుండా రెండోసారి కొలిచాడు. ఆ సాయంత్రమే రవళి సంగారెడ్డి బస్టాండు దగ్గర చిరుధాన్యాల వంటల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. అంతకుముందు ఆమె దేన్నీ అంత నమ్మలేదు. రోజుకో పేజీ చొప్పున కొర్రలు, సామలు, అండుకొర్రలు వండి డబ్బా కట్టేది. సాయంత్రం డబ్బా తెరిచి చూసి, ఆ పేజీ అంచున తేదీ వేసి, "డబ్బా ఖాళీ" అని రాసుకునేది. అది రాస్తున్నప్పుడు ఆమె ముఖంలో పదో తరగతి ఫలితాలు చూసుకున్న పిల్ల కనిపించేది.

పోయిన వారం మళ్లీ కొలిచారు. నడుము రెండంగుళాలు పెరిగింది. రవళి పుస్తకాన్ని అనుమానించలేదు. "తిండి మంచిదే. నీ ఒళ్లే బద్ధకంది," అని తేల్చి, సామాను అక్కర్లేని కసరత్తులు మొదలుపెట్టించింది. కొలత కూడా పుస్తకమే. ఆవాలు చిటపటలాడేదాకా గోడకుర్చీ. ఎసరు మరిగేదాకా ముంజేతుల మీద పలకలా బిగుసుకుని ఉండటం. ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా గుంజీలు. సామాను అక్కర్లేని కసరత్తులన్నీ బడిలో వేసిన శిక్షలేనని దుర్గాప్రసాద్ రెండో రోజే కనిపెట్టాడు. పంతుళ్లు అంతకాలం ఆరోగ్యం పంచారన్న మాట.

అసలు సంగతి ఏమిటంటే, ఆ డబ్బా అతను ఒక్క రోజు కూడా తినలేదు. మొదటి రోజు మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టి, కంపెనీ గేటు పక్కన పూరీల బండి పెట్టే ముత్యమ్మకు ఇచ్చేశాడు. తను నాలుగు పూరీలు తిన్నాడు. మర్నాడూ అంతే. అబద్ధం ఆడటానికి నోరు అక్కర్లేదని, కడిగిన డబ్బా చాలని అప్పుడు అతనికి తెలిసింది. ఇప్పుడు అతని భయం తిట్ల గురించి కాదు. ఆ పేజీల అంచులు. అరవై పైచిలుకు సార్లు "డబ్బా ఖాళీ" అని రాసుకున్న మనిషికి నిజం తెలిస్తే ఏ ముఖంతో ఆ పుస్తకం తెరుస్తుంది? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని మనసు మర్యాదగా పక్కకు తప్పుకుని పూరీల వైపు నడిచేది.

సరిగ్గా అప్పుడే ఇంటి యజమానురాలు బేగంబీ గుప్పెడు కల్యమాకు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పోపు పొగకు తలుపు తీసే ఉంది.

"ఇంకా ఎన్నిసార్లు?" అంటున్నాడు దుర్గాప్రసాద్, చెవులు పట్టుకుని.

"నేను సాలన్నదాక."

"ఒళ్లు మాట వినకపోతే నా తప్పేమున్నది రవళీ."

"నీ ఒళ్లు నీ మాట వినకపోతే తప్పు ఎవలది, పక్కింటోళ్లదా?"

"సరే. ఇగో, పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్తున్న. రేపటిసంది మంచిగుంట," అని అతను నిజంగానే ఆమె ఒళ్లోని పుస్తకం మీద చెయ్యి పెట్టాడు.

బేగంబీ ఆ కరివేపాకును గడప మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి దిగిపోయింది.

ఆ పుస్తకానికి ఎర్రటి సాటిన్ గుడ్డ సంచి ఉంది. నూనె మరకలు పడుతున్నాయని రవళి దాన్ని పేపర్లో చుట్టి, కింద మిషన్ కుట్టే బేగంబీ భర్త తాజ్ మొహమ్మద్‌కు ఇచ్చింది. "పొద్దున లేవంగనే చదువుత చాచా. ఇంట్ల అందరికి మంచిది," అంది. పొద్దున లేవగానే చదివేదీ, ఇంటిల్లిపాదికీ మంచిదీ అయిన పుస్తకం ఎలాంటిదో తాజ్ మొహమ్మద్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. అతను పేపరు విప్పి చూడటమే తప్పనుకున్నాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని, నమాజుకు ముందు ఎంత శుభ్రంగా ఉంటాడో అంత శుభ్రంగా కూర్చుని సంచి కుట్టాడు.

ఆ పొద్దున పైన విన్నది బేగంబీ చెబితే అతను మిషన్ ఆపాడు. "గ్రంథం మీద చెయ్యి పెట్టించిందంటే చిన్న తప్పు కాదు."

"ఒళ్లు మాట వినలేదని ఒప్పుకున్నడు. నా చెవులతోని విన్న."

"ఇగ చెప్పేదేమున్నది," అన్నాడు తాజ్ మొహమ్మద్, ఊడిన దారం కేసి చూస్తూ.

పదకొండు గంటలకు బేగంబీ మళ్లీ పైకి వచ్చింది. రవళి గిన్నెలు కడుగుతోంది.

"దిల్ చిన్నగ చేసుకోకు బిడ్డా. మగోళ్లు గంతే. బయటి తిండి మరిగినోనికి ఇంటి తిండి రుచి తెల్వది."

"మా ఆయన బయట తినడు చాచీ. దినాం డబ్బా ఖాళీ చేస్తడు."

బేగంబీ ఆమె వైపు ఎంతో జాలిగా చూసింది. "నేను డబ్బా సంగతి చెప్తలేను బేటా."

రవళి చేతిలో గిన్నె ఆగింది. అనుమానానికి రుజువులు అక్కర్లేదు. కూర్చోవడానికి కొంచెం చోటు ఉంటే చాలు, ఇల్లు అదే సర్దుకుంటుంది. మూడు నెలలుగా అతను కూనిరాగాలు తీస్తూ ఇంటికి వస్తున్నాడు. చొక్కాకు ఏదో వాసన ఉంటోంది. మిషన్ ఆయిలేమో అనుకుంది. పథ్యం తింటున్న మనిషి లావెక్కుతున్నాడు, పైగా సంతోషంగా ఉన్నాడు. పథ్యం తినేవాళ్లు సంతోషంగా ఉండరు. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ తనకెలా తట్టలేదు?

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నవ్?"

దుర్గాప్రసాద్ నోట్లో పూరీ ఉంది. "బయట."

"నాకు అంత తెలిసిపోయింది."

అతను నమలడం ఆపాడు. మూడు నెలలుగా తప్పించుకు తిరుగుతున్న ఘడియ ఎదురుగా వచ్చి నిలబడితే, భయం బదులు హాయిగా అనిపించింది. మనసు చిత్రమైనదే అనుకుని, పూరీ మింగాడు. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తేంది. ఎన్ని రోజులసంది?"

"మూడు నెలలు."

"దినామా?"

"ఆదివారం తప్ప."

"ఎక్కడ?"

"కంపెనీ గేటు పక్కనే."

"అందరు సూస్తుండంగనా?"

"అందరు లైన్ల నిలబడే ఉంటరు రవళీ. నేనొక్కన్నే కాదు. పదిహేను నిమిషాల్ల అయిపోతది."

"ఇంట్ల లేనిది గామె దగ్గర ఏమున్నది?"

అతను ఒకసారి నిజం మొదలుపెట్టాక మధ్యలో ఆగే మనిషి కాదు. బాగా ఆలోచించి చెప్పాడు. "వేడి. నీది పొద్దటిది గద, మధ్యాహ్నానికి సల్లబడిపోతది."

అప్పుడే వెనకనుంచి ముత్యమ్మ గొంతు వినిపించింది. "సారూ, ఇంకోటి ఎయ్యాల్నా, సాలా?"

ఫోన్ తెగిపోయింది. తేలికైన మనసుతో దుర్గాప్రసాద్ ఇంకోటి వెయ్యమన్నాడు.

చిట్కుల్ నుంచి కంపెనీ గేటుకు షేర్ ఆటోలో ఎంతోసేపు పట్టదు. రవళి పక్కనుంచి పోయే లారీల వైపు చూస్తూ కూర్చుంది. బేగంబీ ఆమె చెయ్యి పట్టుకుంది. తాజ్ మొహమ్మద్ ఎర్రసంచిని రెండు చేతులా ఛాతీకి ఆనించుకున్నాడు. ఎవరి కాలూ తగలకుండా దారి పొడవునా జాగ్రత్తపడ్డాడు. పుస్తకం తేవాలన్నది అతని ఆలోచనే. ఎందుకని అడిగే ఓపిక రవళికి లేదు. అసలు ఆమె ఒక ముఖాన్ని ఊహించుకుంటోంది. ముప్పై ఏళ్లు, పొడుగు జడ, నవ్వితే సొట్ట. గేటు దగ్గర దిగేసరికి ఆ ముఖానికి చెవి దుద్దులు కూడా పెట్టింది.

భోజనాల విరామం ముగిసే గంట ఇంకా కొట్టలేదు. పూరీల బండి దగ్గర పదిమంది కార్మికులు వరసలో ఉన్నారు. పక్కన స్టూలు మీద దుర్గాప్రసాద్.

"ఆమె ఏది?" అంది రవళి.

"ఎవలు, ముత్యమ్మనా? గీమెనే."

బాణలి ముందు అరవై దాటిన మనిషి నిలబడి ఉంది. మోచేతిదాకా పచ్చబొట్లు. ఒక చేతిలో జల్లిగరిటె, ఇంకో చేతిలో చెంచా. రవళి ఆమె వైపు చూసింది. బేగంబీ తాజ్ మొహమ్మద్ వైపు చూసింది. కానీ ఆటో దిగాక వెనక్కి తగ్గడం బేగంబీకి అలవాటు లేదు.

"షరమ్ లేదా అమ్మా? గీ వయసుల మా బిడ్డ కాపురం ఖరాబ్ చేస్తవా?"

"నేనా?" అంది ముత్యమ్మ, పూరీ తిప్పుతూ. "నిలబడెతందుకే మోకాళ్లు సహకరిస్తలెవ్వు. కాపురాలు ఖరాబ్ చేసే తాకత్ ఎక్కడిది నాకు?"

వరసలో ఉన్న బిహారీ కుర్రాడొకడు "క్యా హువా?" అని అడిగాడు. "సారు కా లఫ్డా," అని ముందున్నవాడు చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ పూరీ అడగలేదు. ఎవరూ కదలలేదు కూడా.

తాజ్ మొహమ్మద్ గొంతు సవరించుకున్నాడు. "ప్రసాద్ భాయ్, చేతులు కడుక్కొని రా. గీ గ్రంథం మీద చెయ్యి పెట్టి సచ్ చెప్పు. గామెతోని నీకు సంబంధమున్నదా?"

తన మీద పడిన నింద ఏమిటో దుర్గాప్రసాద్‌కు అప్పుడు అర్థమైంది. మొదట కలిగింది సిగ్గు కాదు, చిన్న గర్వం. తర్వాత ముత్యమ్మ వైపు చూశాడు, గర్వం దిగిపోయింది. ఆ వెంటనే చలి పుట్టింది. రవళికి తెలిసిందల్లా లేని పాపం. ఉన్న పాపం ఇంకా తెలియదు. లేనిదాన్ని కడుక్కోవాలంటే ఉన్నదాన్ని బయట పెట్టాలి.

అతను చేతులు కడుక్కుని సంచి మీద చెయ్యి పెట్టాడు. "సంబంధమేం లేదు. పూరీలు తింట. అంతే."

"మరి డబ్బా?" అంది రవళి.

ముత్యమ్మ చెంచా అప్పుడే స్టీలు డబ్బాలోకి దిగింది. ఆ డబ్బా మూత మీద రవళి పేరు గీసి ఉంది.

"గీ డబ్బానా? సారు దినాం నాకే ఇస్తడు," అంది ముత్యమ్మ.

రవళి చాలాసేపు ఆ మూత వైపే చూసింది. "మూడు నెలల్ల ఒక్కసారి గూడ తినలే?"

"వాసన సూసిన," అన్నాడు దుర్గాప్రసాద్. "మొదటి రోజు."

"గామెతోని సంబంధమున్నదన్నా, ఎట్లనో సర్దుకుందును."

"తౌబా," అంది బేగంబీ.

రవళి తాజ్ మొహమ్మద్ చేతుల్లోంచి సంచి లాక్కుంది. తాడు విప్పి పుస్తకం బయటికి తీసి పేజీలు తిప్పసాగింది. "సూడు. ఏం రాసుకున్ననో సూడు. ఖాళీ. ఖాళీ. ఇది గూడ ఖాళీ."

"గట్ల పట్టకు బేటా, గునా, పాపమైతది," అంటూ తాజ్ మొహమ్మద్ కంగారుగా అద్దాలు పెట్టుకుని వంగాడు. పేజీ మీద జీడిపప్పు చల్లిన ఉప్మా బొమ్మ ఉంది. అతను నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. "కొర్రలు... రెండు గ్లాసులు. పచ్చిమిరపకాయలు... ఇదేం గ్రంథం బేటా?"

"వంటల పుస్తకం చాచా."

తాజ్ మొహమ్మద్ అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. బొమ్మ మారలేదు. "నేను వజూ చేసుకొని కుట్టిన," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

"కుట్టు మంచిగున్నది," అంది ముత్యమ్మ. తర్వాత రవళి వైపు తిరిగింది. "అయితే వండేది నువ్వేనా బిడ్డా? నిన్నటిదాంట్ల జెర అల్లం ఎక్కువ పడ్డది."

రవళి తల ఎత్తింది.

"నేను పూరీలు అమ్ముత గని తినను, నాకు అరగయి. మూడు నెలలసంది నీ చేతి తిండే తింటున్న. మొన్నటి సామల కిచిడీ ఉన్నది సూడు, గది ఫస్టు. రాగులదాంట్ల మాత్రం ఉండలు కట్టింది. నీళ్లు మరగకముందే పోసినవ్."

"పుస్తకంల అట్లనే ఉన్నది," అంది రవళి.

"పుస్తకానికేం తెల్సు."

ముప్పై సెకన్ల పాటు రవళి లోపల రెండు కోపాలు తోసుకున్నాయి. తర్వాత ఆమె చూపు చుట్టూ వెతికి, దుర్గాప్రసాద్ జేబులోని పెన్ను మీద ఆగింది. దాన్ని తీసుకుని, అతన్ని స్టూలు మీంచి లేపి, తను కూర్చుంది. రాగుల పేజీ తీసి "డబ్బా ఖాళీ" పక్కన "నీళ్లు మరిగినంక" అని రాసింది. "అండుకొర్రల పులిహోర ఎట్లుండె?" అని అడిగింది. ముత్యమ్మ చెప్పసాగింది. పొద్దుటినుంచి రవళి ఏమీ తినలేదని పోల్చుకుని మధ్యలో ఒక పూరీల ప్లేటు చేతికిచ్చింది. రవళి చూపు పేజీ మీదే ఉంచి ఒకటి తిన్నది, రెండోది తిన్నది. బేగంబీ కూడా ఒక ప్లేటు అందుకుని, పులిహోరలో మెంతులు వెయ్యాలని తన మాట కలిపింది. తాజ్ మొహమ్మద్ ఖాళీ సంచిని మడిచి పెట్టుకుని, అందులో వేరే పుస్తకం ఏదైనా పెట్టవచ్చా కూడదా అన్న ఆలోచనలో పడ్డాడు. వరస మళ్లీ కదిలింది.

దుర్గాప్రసాద్ పక్కన నిలబడ్డాడు. ఎవరైనా తిడతారేమోనని కాసేపు చూశాడు. తిట్టే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు. శిక్ష కోసం ఎదురుచూస్తూ, అది రాకపోతే మనిషి ఎక్కడ నిలబడాలో అతనికి తెలియలేదు. బండి అంచు మీద సగం ఖాళీ అయిన డబ్బా ఉంది. అతను దాన్ని దగ్గరికి జరుపుకున్నాడు. చెంచా కడిగాడు. ఈసారి వాసన చూడకుండా ఒక చెంచా ఉప్మా తీసి నోట్లో పెట్టుకున్నాడు.

బాగుంది. దాంతో క్షమాపణ చెప్పుకోవడం మరీ కష్టమైపోయింది.