అడ్రస్ మారింది

ఆ రోజు పొద్దున్నే ఆ ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య టౌన్‌హాలుకి వెళ్లి, కొత్త లైబ్రరీ భవనానికి తను గీసిన డ్రాయింగులు కమిటీకి చూపించాలి. భర్త ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చూసుకోవాలి. వాళ్లతోనే ఉంటున్న అత్తగారు, అంటే భార్య తల్లి, కాఫీ తాగి కొడుకుతో ఫోన్లో మాట్లాడుకోవాలి. ఎవరి పని వాళ్లు చూసుకుని ఉంటే ఈ కథ రాయాల్సిన ఖర్మ నాకు పట్టేది కాదు.

చెడగొట్టింది భర్తే. బంధువులంతా ఆయన్ని కంప్యూటర్ బావ అంటారు. ఎప్పుడో ఎవరింట్లోనో మొండికేసిన ప్రింటరును ఆపి మళ్లీ వెలిగించినందుకు దక్కిన బిరుదది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన పడే తాపత్రయం అంతా ఇంతా కాదు. హాల్లో టీవీ పక్కన చెప్పుల డబ్బా అంత నల్లపెట్టె ఒకటి పెట్టాడు. ఇంటిల్లిపాది ఫోటోలు, కాగితాలు, భార్య డ్రాయింగులు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఇంట్లో పెట్టె అంటే అదొక్కటే. దానికో పేరు కూడా ఉంది. ఆ పేరు కొడితే చాలు, లోకంలో ఎక్కణ్ణుంచైనా తెరుచుకుంటుంది. అని ఆయన అంటాడు.

"ఎందుకైనా మంచిది, పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకెళ్తానండీ," అంది భార్య గుమ్మంలో నిలబడి. సొంతంగా గీసిన మొదటి భవనం. ఇది పోతే ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

"పెన్‌డ్రైవా? ఇంట్లో ఇంత పెట్టె పెట్టుకునా? నా పరువేం కాను?"

ఆయన పరువు కోసం ఆవిడ ఉత్త ల్యాప్‌టాప్‌తో బయల్దేరింది.

గంట తిరక్కుండా ఫోను. "ఏమండీ, పేరు కొడుతుంటే తెరుచుకోవట్లేదు! కమిటీ వాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చేస్తున్నారు."

"నువ్వేం కంగారు పడకు. నేనున్నానుగా."

ఆ మాటతో ఆవిడ కంగారు రెట్టింపైంది.

కంప్యూటర్ బావ పడగ్గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని యుద్ధానికి దిగాడు. సంగతేమిటంటే, ఇంటర్నెట్ కంపెనీ ప్రతి ఇంటికీ ఒక నంబరిస్తుంది. నెట్‌లో ఆ ఇంటి అడ్రస్ అదే. బుద్ధి పుట్టినప్పుడల్లా దాన్ని మార్చేస్తుంది కూడా. మారినప్పుడల్లా పెట్టె తనంతట తనే "అయ్యా, మా కొత్త అడ్రస్ ఇదీ" అని పేర్లు చూసుకునే సర్వరుకు కబురు పెట్టాలి. పెట్టె పెడుతూనే ఉంది. తెర మీద "అప్‌డేట్ సఫలం" అని పచ్చగా కనిపిస్తూనే ఉంది. పెట్టె మాత్రం తెరుచుకోదు. ఇక లాభం లేదని ఆయన కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. చెవులు మూసుకున్నవాడు కదా, గొంతు వీధి చివరిదాకా లేచింది.

"అడ్రస్ మారిపోయిందమ్మా!"

"కొత్త అడ్రస్‌కి షిఫ్ట్ చేయాలా సర్?" అంది హెల్ప్‌లైన్ అమ్మాయి.

"అదేగా నేను మొత్తుకుంటున్నది! పాతది ఇక పనికిరాదు. కొత్తది ఎవరికీ తెలీదు. అందుకే ఎవరూ లోపలికి రాలేకపోతున్నారు!"

"అలాగే సర్. పాత దగ్గర తీసేయమంటారా?"

"తీసి పారేయండి!"

తలుపు ఇవతల అత్తగారికి ఆ అమ్మాయి మాటలు వినిపించలేదు. అల్లుడివి ఒక్కటీ పొల్లుపోకుండా వినిపించాయి. అడ్రస్ మారిపోయింది, ఎవరికీ తెలీదు, పాతది పనికిరాదు, తీసి పారేయండి. ఆవిడ అక్కడికక్కడే సోఫాలో కూలబడింది. ఇల్లు మారుతున్నారు! తనకి మాటమాత్రం చెప్పకుండా! తీసి పారేయమంటున్నది తనని కాదు కదా? కళ్లనీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంటూ కూతురికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"హాల్లో ఉన్నానమ్మా," అంది కూతురు గుసగుసగా. "లైబ్రరీ వీధిలో, పై అంతస్తు. తర్వాత మాట్లాడతా."

హాలు, పై అంతస్తు! అప్పుడే అక్కడిదాకా వచ్చిందన్నమాట. "సరేలే. ఇప్పుడు నీకేం కావాలో అదైనా చెప్పు."

"ఆ పెట్టె ఒక్కటి అందితే చాలమ్మా! ఇంకేమీ వద్దు!" కూతురి గొంతులో ఏడుపు వినిపించింది.

తల్లి మనసు ఇట్టే కరిగిపోయింది. పిల్ల అక్కడ ఒంటరిగా అవస్థ పడుతుంటే తను అలిగి కూర్చుంటుందా? వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది. అతనికి పక్క వీధిలో ఫర్నిచర్ కొట్టూ, సొంత వ్యానూ ఉన్నాయి.

"ఒరేయ్, మీ బావ లైబ్రరీ వీధిలోకి ఇల్లు మారుస్తున్నాడురా. మనకి చెప్పనేలేదు."

"బావకి మొహమాటం ఎక్కువమ్మా. ఇలాంటప్పుడే అడక్కుండా సాయం చెయ్యాలి. ఇప్పుడే వస్తున్నా ఉండు."

అన్నట్టే కొట్లో పనివాళ్లతో సహా వచ్చాడు. అత్తగారు దగ్గరుండి పురమాయించింది. "ముందు పెట్టె. జాగ్రత్తరా, నా దుప్పట్లో చుట్టు. తర్వాత సోఫా. ఆ తర్వాత నా మంచం. మంచం లేకుండా వ్యాన్ కదిలిందో, నేను ఊరుకోను!"

తన మంచం ముందే చేరిపోతే తనని వదిలేయడం ఎవరి తరమూ కాదని ఆవిడ లెక్క.

పడగ్గదిలో సరిగ్గా అప్పుడే కంప్యూటర్ బావ తప్పు పట్టేశాడు. నిన్న వైఫై బాగా రావాలని ఆయనే ఇంకో రౌటరు తెచ్చి పాతదానికి తగిలించాడు. పెట్టె పాపం ఆ కొత్త రౌటర్ని "మన అడ్రసేంటి?" అని అడుగుతోంది. అది ఇంటి లోపలి నంబరు చెబుతోంది. మీ ఇల్లెక్కడమ్మా అంటే వంటింటి పక్కన అన్నట్టుంది వ్యవహారం. "బయట అడిగి తెలుసుకో" అన్న గడిలో టిక్కు పెట్టి, సేవ్ నొక్కి, "అదీ!" అని తొడ చరిచాడు.

పెట్టె తెర మీంచి మాయమైంది. ఆ వెంటనే ఇంటర్నెట్టూ పోయింది. హెల్ప్‌లైన్ అమ్మాయి చెప్పినట్టే పాత దగ్గర తీసేసింది మరి. ఆయన హెడ్‌ఫోన్లు పీకి తలుపు తీశాడు. హాల్లో పెట్టె లేదు. సోఫా లేదు.

"అత్తయ్యగారూ! దొంగలు!"

అత్తయ్యగారూ లేరు. దొంగలు అత్తగారిని, ఆవిడ మంచంతో సహా ఎందుకు ఎత్తుకెళ్లారో ఆయనకు ఎంతకీ అంతుపట్టలేదు.

అక్కడ టౌన్‌హాల్లో ఛైర్మన్ నడుం పట్టుకుని ఇనప కుర్చీలోంచి లేవబోతున్నాడు. "ఏమీ లేనప్పుడు ఏం చూస్తామమ్మా? వేరేవాళ్లని పిలుచుకుంటాంలే," అంటున్నాడు. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడే తలుపు బార్లా తెరుచుకుంది. దుప్పట్లో పెట్టెతో తమ్ముడు, వెనక సోఫా, దాని వెనక మంచం, అన్నిటికీ వెనక అమ్మ.

"అక్కా, ఇల్లు అదిరింది! పెట్టె ఎక్కడ పెట్టను?"

"ఇంటి ఓనర్లా బాబూ?" అంది తల్లి కమిటీ వైపు తిరిగి, దణ్ణం పెడుతూ.

కూతురు ఒక్క అంగలో తమ్ముడి దగ్గరికి వచ్చింది. పెట్టె లాక్కుని, కరెంటు పెట్టి, గోడకున్న నెట్ వైరు దానికి తగిలించింది. పెట్టె మీద దీపాలు మిణుకుమన్నాయి. కాసేపటికి ప్రొజెక్టరు వెలుగులో గోడ నిండా లైబ్రరీ లేచి నిలబడింది. ఛైర్మన్ సోఫాలో కూర్చుని చివరిదాకా చూశాడు.

"బాగుందమ్మా. కట్టేద్దాం," అన్నాడు. "సోఫాలు కూడా ఇలాంటివే వేయించు."

ఫోన్ మోగింది. "ఇంట్లో దొంగలు పడ్డారే! సోఫా, పెట్టె, మీ అమ్మ, అన్నీ పోయాయి!"

తల్లి ఫోన్ లాక్కుంది. "అల్లుడుగారూ, అడ్రస్ మారితే నాతో ఒక్కమాట అనకూడదా? నేనేం పరాయిదాన్నా?"

"అయ్యో, మారింది ఇల్లు కాదండీ, నంబరు! మిమ్మల్ని వదిలేసి మేమెక్కడికి పోతాం అత్తయ్యగారూ?"

"ఆ ముక్క ముందే అనుంటే మంచం మోయించేదాన్ని కాదుగా," అంది ఆవిడ. ఈసారి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

బోసిపోయిన హాల్లో నేల మీద చతికిలబడ్డ కంప్యూటర్ బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పంపింది పెట్టె. టౌన్‌హాల్లో కళ్లు తెరిచి, ఆయన నేర్పినట్టే బయట అడిగి తెలుసుకుని, కబురు పెట్టింది: "అడ్రస్ మారింది. అప్‌డేట్ సఫలం."

ఇల్లు మారేటప్పుడు ఇంటాయనకు ఒక్కమాట చెప్పాలన్న ఇంగితం ఆ రోజు ఒక్క పెట్టెకే కలిగింది.