మూడు కవర్లు, ఒక గోడ

ఏ పనికైనా మూడు కొటేషన్లు తీసుకోవాలని నియమం రాసిన పెద్దమనుషులారా! ఒక గోడ ప్రాణం తీసింది మీరే. ఒక మనిషి పళ్ళ మీదికి తెచ్చింది కూడా మీరే. కాదంటే వచ్చి ఆ గోడ ముందు నిలబడి చెప్పండి. రారు. మీరెప్పుడూ రారు, మీ కాగితాలే వస్తాయి.

ఆ మనిషి ఒక గుమాస్తా. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక ఆఫీసులో కొనుగోళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాడు. చీపురు కొన్నా మూడు కవర్లు, ఆ చీపురు దాచే బీరువా కొన్నా మూడు కవర్లు. ఒకరి ధర ఒకరికి తెలియకూడదు. మూడూ వచ్చేదాకా ఏదీ విప్పకూడదు. వచ్చాక ఒకేసారి విప్పి, తక్కువ రాసినవాడికి పని ఇవ్వాలి. ఇన్నేళ్ళలో ఆ అలవాటు అతని ఒంట్లోకి ఇంకిపోయింది.

ఒక ఆదివారం ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాంకులో డెబ్భై అయిదు వేలున్నాయి. అందులో నలభై వేలు పై వరస పళ్ళకు. ముందు నాలుగూ ఎప్పుడో పోయాయి, మిగిలినవి ఊగుతున్నాయి. రెండేళ్ళుగా అతను రొట్టెను పాలలో నానబెట్టుకుని తింటున్నాడు. ఈ నెల దాటితే చిగుళ్ళు కుంచించుకుపోయి కట్టుడు పళ్ళు కూడా నిలవవని పళ్ళ డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మిగిలిన ముప్ఫై అయిదు వేలూ ఇంటి బయటి గోడల రంగుకు. ఎనిమిదేళ్ళ నాటి రంగు పెచ్చులూడి, వాన పడితే పడమటి గోడ తడి లోపలి గదిలోకి దిగుతోంది. పళ్ళు, గోడలు. రెండూ ఈ నెలలోనే తేలాలి.

"ముగ్గురు మేస్త్రీలు, మూడు ఆదివారాలు. ఒకడికొకడు ఎదురుపడకూడదు," అన్నాడు భార్యతో.

"ఎదురుపడితే ఏమవుతుందండీ?"

"కుమ్మక్కవుతారు."

"రంగు వేయించుకోడానికి ఇంత కుట్రా!" అని ఆవిడ పాలగిన్నె దించుకుంది.

మొదటివాడు గోకుడు మేస్త్రీ. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట గీకే రేకు ఉంది. "ఒక్కసారి గోడ చూస్తాను సార్," అన్నాడు. ఈ వృత్తిలో చూడటమంటే కళ్ళతో పని కాదని గుమాస్తాకు అప్పటికి తెలియదు. మేస్త్రీ కిటికీ కింద రేకు పెట్టి ఒక్క గీత లాగాడు. ఒక పెచ్చు ఊడింది. అది పక్కదాన్ని పిలిచింది. పక్కది చుట్టాలందరినీ పిలిచింది. పది నిమిషాల్లో కిటికీ కింద చాపంత మేర గోడ తోలు తీసినట్టు తయారయింది.

"అయ్యో, చూస్తానని మొత్తం ఊడబెరికావేమిటయ్యా!" అంది ఇల్లాలు.

"లోపల ఎంత వదిలిందో తెలియాలి కదమ్మగారూ. తెలిసింది. ముప్ఫై రెం..."

గుమాస్తా రెండు చెవులూ మూసుకున్నాడు. "నోటితో చెప్పకు! కవర్లో పెట్టు! అంటించు!"

మేస్త్రీ బిక్కమొహం వేసి, కాగితం మీద రాసి, కవరు నాకి, అంటించి వెళ్ళాడు.

"ముప్ఫై రెండు వేలట. ఇచ్చెయ్యండి, పీడా పోతుంది. పళ్ళకి పళ్ళూ ఉంటాయి," అంది భార్య.

"నువ్వు వినకూడదది."

"విన్నానుగా."

"విననట్టు ఉండు. ఇంకా రెండు రావాలి."

రెండో ఆదివారం మిషను మేస్త్రీ వచ్చాడు. నీళ్ళు బలంగా చిమ్మే మిషనును చక్రాల మీద లాక్కుంటూ వచ్చి, కిటికీ కింద మచ్చ చూసి గుండెలు బాదుకున్నాడు. "ఎవడండీ ఇది గీకింది? వాడసలు పెయింటరేనా, మేకలకి తోలు తీసేవాడా? గోడని కడిగి చూడాలి సార్, గీకి కాదు."

"కడగడం తర్వాత కాదూ?" అన్నాడు గుమాస్తా నీరసంగా.

"కడగకుండా చూడ్డం ఎలా?"

మిషను రొదకు వీధంతా బయటికి వచ్చింది. గీకిన మేర నుంచి నీళ్ళు ఇటుకల్లోకి, ఇటుకల్లోంచి లోపలి గదిలోకి, అక్కణ్ణుంచి మంచం కిందికి నడిచాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "పై అంతస్తు కూడా చూసేద్దాం," అని మేస్త్రీ గొట్టం పైకెత్తాడు. పైవాటాలో అద్దెకు ఒంటరిగా ఉండే దర్జీ ఆవిడ, బడిపిల్లలకు కుట్టిన నలభై జతల బట్టలు ఇస్త్రీ చేసి కిటికీ పక్కన దొంతరగా పెట్టుకుంది. ఆ దొంతర నిండా తడిసింది. ఆవిడ ఒక తడి నిక్కరు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

"బాబాయ్ గారూ, నన్ను ఖాళీ చెయ్యమనాలంటే నోటితో చెప్పొచ్చుగా! నీళ్ళు కొట్టించాలా?"

"అయ్యో, అది కాదమ్మా. ఇంటికి కొటేషన్లు తీసుకుంటున్నాను..."

"ఓహో, ఇల్లు అమ్మేస్తున్నారన్నమాట! నాకు మాటమాత్రమైనా చెప్పకుండా!" ఆవిడ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఎదురింటాయన అప్పటికే గేటు మీదికి వాలి అంతా విన్నాడు. సాయంత్రానికి వీధిలో ఇల్లు అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో కూడా చెప్పుకున్నారు.

మిషను మేస్త్రీ కవరు తడిగా ఉంది. గుమాస్తా దాన్ని ఆరబెట్టి, విప్పకుండా, మొదటి కవరు పక్కన సొరుగులో పెట్టాడు.

"ఇప్పటికైనా మొదటాయన్ని పిలవండి," అంది భార్య, మంచం కింద గుడ్డ పిండుతూ.

"ఇంకొక్కటే మిగిలింది. ఇక్కడి దాకా వచ్చి మధ్యలో నియమం తప్పితే ఎలాగే?"

"ఈ ఇంట్లో నియమం తప్ప అన్నీ తప్పుతున్నాయి."

మూడో ఆదివారం సుత్తి మేస్త్రీ వచ్చాడు. పెద్దవాడు, నిదానస్థుడు. మిషను గానీ, రేకు గానీ తేలేదు. గుమాస్తాకు ప్రాణం లేచివచ్చింది. మేస్త్రీ గోడకు చెవి ఆనించి, నడుముకు వేలాడుతున్న చిన్న సుత్తి తీసి టక్కుమని కొట్టాడు.

"డొల్ల," అన్నాడు.

జానెడు పక్కకు జరిగి మళ్ళీ కొట్టాడు. "ఇదీ డొల్లే."

వారం రోజులుగా నీళ్ళు తాగిన గోడ మరి! నాలుగో దెబ్బకు తలుపంత ముక్క నిట్టనిలువునా జారి గుమాస్తా కాళ్ళ ముందు పడింది. ఇటుకలు ఎర్రగా బయటికి చూశాయి.

"చూశారా సార్, నేను చెప్పానా!" అన్నాడు మేస్త్రీ, గోడ తన మాట నిలబెట్టినందుకు సంతోషంగా.

పైన కిటికీ తెరుచుకుంది. "కూలగొట్టడం కూడా మొదలెట్టారా! మనుషులున్నారు పైన!" అని దర్జీ ఆవిడ అరిచింది. మధ్యాహ్నానికల్లా నెలాఖరుకు ఖాళీ చేస్తున్నట్టు కాగితం రాసి తలుపు కింద నుంచి తోసింది.

ఆ సాయంత్రమే గుమాస్తా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, నియమం ప్రకారం మూడు కవర్లూ ఒకేసారి విప్పాడు. ముప్ఫై రెండు వేలు. యాభై ఎనిమిది వేలు. తొంభై అయిదు వేలు.

"మొదటివాడే తక్కువ," అన్నాడు.

 మూడు ఆదివారాలుగా విననట్టు ఉండి ఉండి భార్య అలిసిపోయింది.

మర్నాడు ఆఫీసుకు పూటసెలవు పెట్టి అతను గోకుడు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఈసారి నిజంగానే కళ్ళతో.

"ఇది నేను చూసిన గోడ కాదు సార్."

"అదే గోడ. అదే ఇల్లు. నేనూ అదే మనిషిని."

"నేను రంగుకి రాశాను. దీనికి ముందు తాపీపని కావాలి. నేను గీకాను, ఒప్పుకుంటా. కడిగింది నేనా? కొట్టింది నేనా?"

గుమాస్తా మిషను మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. "వాడు గీకకపోతే నా నీళ్ళు లోపలికెందుకు పోతాయి సార్?" సుత్తి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. "వాడు తడపకపోతే నా దెబ్బకెందుకు ఊడుతుంది బాబూ? నాలుగు దెబ్బలకి ఊడేది గోడేనా?" మళ్ళీ గోకుడు మేస్త్రీ దగ్గరికి. మూడు రోజులు ఆ మూడు గుమ్మాల మధ్య కాళ్ళరిగేలా తిరిగాడు. ప్రతివాడూ న్యాయంగానే మాట్లాడాడు. ముగ్గురి న్యాయమూ కలిపితే గోడ తనంతట తనే పడింది.

ఇక ఓపిక లేక శుక్రవారం ఉదయం ముగ్గురినీ ఒకేసారి రమ్మన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అతను నియమం తప్పింది అదొక్కసారే. ముగ్గురూ తలో నిచ్చెనా వేసుకుని వచ్చి, గోడ ముందు అరగంట తిట్టుకున్నారు. ఇల్లాలు టీ ఇచ్చింది. మొదటి గ్లాసుకు గొంతులు తగ్గాయి. రెండో గ్లాసుకు ఒకరి కూలీ రేట్లు ఒకరు అడిగి తెలుసుకున్నారు. మూడో గ్లాసు తాగుతూ ముగ్గురూ చెట్టు కిందికి వెళ్ళి గుసగుసలాడి, నవ్వుతూ తిరిగొచ్చి మూడు కవర్లు చేతిలో పెట్టారు.

"మీకు మూడు కావాలన్నారు కదా సార్, మూడూ రాశాం," అన్నాడు సుత్తి మేస్త్రీ.

గుమాస్తా విప్పాడు. లక్షా ముప్ఫై వేలు. లక్షా ముప్ఫై వేలు. లక్షా ముప్ఫై వేలు.

"ఇదేమిటి?"

"మేం ముగ్గురం కలిసి కంపెనీ పెట్టుకున్నాం సార్. తాపీ, కడుగుడు, రంగు, అన్నీ ఒకే చోట. మీ గోడ దగ్గరే కలిశాం, మీ మేలు మర్చిపోం."

గుమాస్తా గట్టు మీద చతికిలపడ్డాడు. ఆ క్షణంలో అతను ముగ్గురినీ తిట్టలేదు, ఏడవలేదు. నాలుకతో పై చిగురు తడుముకుని లెక్క వేసుకున్నాడు. డెబ్భై అయిదూ ఊడ్చిపెట్టి, ఆఫీసులో అప్పుకు అర్జీ పెడితే గోడ నిలబడుతుంది. ఒక మనిషి పళ్ళు లేకుండా బతకగలడు, రెండేళ్ళుగా బతుకుతూనే ఉన్నాడు. "బ్యాంకు పుస్తకం తీసుకురావే," అన్నాడు.

ఆవిడ పుస్తకం తేలేదు. కొంగు బిగించి మేస్త్రీల ముందుకొచ్చింది.

"అయితే మీరు ముగ్గురూ ఇప్పుడు ఒకటేనా?"

"ఒకటే అమ్మగారూ! అన్నదమ్ముల కన్నా ఎక్కువ."

"ఒకరు చేస్తే అందరూ చేసినట్టేనా?"

"అంతే అమ్మగారూ. పేచీ లేదు."

"అదే ముక్క ఈ కవరు మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి."

కొత్త కంపెనీ ఉత్సాహం మరి! ఒకరి చేతిలోంచి ఒకరు పెన్ను లాక్కుని మరీ పెట్టారు. ఆవిడ కవరు మడిచి భర్త చేతికిచ్చింది.

"ఏవండీ, మీ ఆఫీసులో సరుకు చూడ్డానికొచ్చినవాడు ఆ సరుకు పాడుచేస్తే ఎవరు పెట్టుకోవాలి?"

గుమాస్తా తలెత్తాడు. ఇది అతనికి నిద్రలో లేపి అడిగినా వచ్చే సంగతి. "వాడే పెట్టుకోవాలి. అయితే ఎవడు పాడుచేశాడో తేలాలి. తేలకపోతే ఫైలు మూసేస్తాం." అని ఆగాడు. కవరు వంక చూశాడు. ముగ్గురి వంక చూశాడు. అతని గొంతులోకి ఎన్నాళ్ళకో జీవం వచ్చింది. "తేలింది కదూ!"

"తేలింది," అంది ఆవిడ. "గీకిందీ మీరే, తడిపిందీ మీరే, కొట్టిందీ మీరే. నిన్నటిదాకా ఒకడి మీద ఒకడు చెప్పుకుని తప్పించుకున్నారు. ఇవాళ చెప్పుకోడానికి మీకు ఇంకొకడు లేడు నాయనా."

"అమ్మగారూ, మేం కంపెనీ పెట్టి అరగంట కూడా కాలేదండీ..."

"అరగంటలోనే మావారికి లక్షా ముప్ఫై రాశారుగా! మీరు చెట్టు కింద గుసగుసలాడుతుంటే మీ నిచ్చెనలు గదిలో పెట్టి తాళం వేశాను. ఒకటి బయటికిస్తాను. గోడ ఎలా ఉండేదో అలా పెట్టండి, మిగతా రెండూ ఇస్తాను. ముందు పైకెళ్ళి ఆ దర్జీ అమ్మాయికి ఇల్లు అమ్మట్లేదని, నీళ్ళు కొట్టిన పాపం మీదేనని చెప్పి రండి. ఆ నలభై జతలూ ఇస్త్రీ చేసి మరీ దిగండి."

కంపెనీ మొట్టమొదటి పని నలభై బడిపిల్లల నిక్కర్లు, చొక్కాల ఇస్త్రీ. సుత్తి మేస్త్రీ చెయ్యి ఇస్త్రీకి బాగా కుదిరిందని దర్జీ ఆవిడే చెప్పింది. ఖాళీ చేస్తానన్న కాగితం ఆవిడ చింపేసింది. తర్వాత మూడు రోజులు ముగ్గురూ ఒకే నిచ్చెన మీద వంతులేసుకుని, సిమెంటు కలిపి, ఇటుకలు కప్పి, చదును చేశారు. తిట్టుకోవాలన్నా వీలు లేక, ఎవడిని తిట్టినా తన కంపెనీనే తిట్టినట్టవుతుందని, మూగగా చేశారు. నాలుగో రోజు గోడ మునుపటి కన్నా గట్టిగా నిలబడింది. వాన కురిసింది, లోపలికి చుక్క దిగలేదు. గోడ మాత్రం నల్లటి అతుకులతో అట్లాగే ఉంది.

"రంగు ఎప్పుడు మొదలెడదాం సార్?" అని గోకుడు మేస్త్రీ ఆశగా అడిగాడు.

అప్పటికి గుమాస్తా చెప్పులేసుకుని, నలభై వేలు లోపలి జేబులో పెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులున్నాయి. ఎదురింటాయన గేటు మీదికి వాలి, "ఏమండోయ్, గోడ అలా వదిలేశారేమిటి? చూడ్డానికి బాగా లేదు," అన్నాడు.

"మీరు చూడకండి," అన్నాడు గుమాస్తా. వెనక్కి తిరగలేదు.

కాబట్టి ఇళ్ళున్న జనమా, ఇక ఇప్పుడు జరగవలసింది ఇది. గోడ చూడ్డానికి వచ్చినవాడు చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళతో చూడాలి. గీకినవాడు పూసి కదలాలి, తడిపినవాడు ఆర్చి కదలాలి, కొట్టినవాడు కట్టి కదలాలి. ఇది ఎవరూ చట్టం చెయ్యరు, ఎదురుచూడకండి. మీరే గుమ్మంలో నిలబడి, పని తేలేదాకా నిచ్చెన బయటికి పోనివ్వకండి.

రంగు సంగతి ఆ తర్వాత చూద్దాం.